చాప మీద నడిచిన సైన్యం

తిరుపతి నుంచి చిత్తూరు దాకా లక్షమంది సైన్యాన్ని నడిపించి, అందులో ఒక్క సిపాయి కూడా ఆకలితో పడిపోకుండా చూసుకున్న మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. అది నేను. ఏనుగులు, గుర్రాలు, ఎడ్లబండ్లు, వాటి వెనక వంటవాళ్ళు, గుడారాలు మోసేవాళ్ళు, అందరూ నా వేలి కొసన ఆడారు. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చుని ఈ మాట చెబితే పక్కవాడు అన్నం కలపడం ఆపి నా ముఖంలోకి చూస్తాడు. ఆ చూపు కోసమే చెబుతాను.

ఇక అసలు సంగతి. లక్ష అన్నది సాగదీసిన మాట. పదివేలు అనుకోండి. ఆ పదివేల మందీ తిరుపతిలో మా స్నేహితుడి ఇంటి వరండాలో, ఎర్ర సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో గీసిన దేశంలో నడిచారు. ఒక్కో చింతగింజ వందమందికి గుర్తు. మేము చుట్టూ చాపలు వేసుకుని కూర్చునేవాళ్ళం. మా దేశంలో ఊరికీ ఊరికీ మధ్య దూరం రెండు జానలు. అయినా నడిపించడం నడిపించడమే. గింజలు పొరపాటున కాలికి తగిలి చెదిరిపోతే ఎంత బాధపడ్డానో నాకే తెలుసు.

ఇది ఎనభయ్యో దశకం మొదట్లో మాట. నేను రేణిగుంటలో లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాను. నా స్నేహితుడు మద్రాసులో చదువు ముగించి, వాళ్ళ నాయన పాత్రల అంగడి చూసుకోవడానికి తిరిగొచ్చాడు. మద్రాసు హాస్టల్లో కొందరు ఒక విదేశీ ఆట ఆడుతుంటే చూశాడట. అందులో పేకలూ పావులూ తప్పనిసరి కాదు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో రాజులో, మంత్రగాళ్ళో, దొంగలో అయిపోయి "నేనిప్పుడు ఈ పని చేస్తున్నా" అంటారు. ఆ పని నెగ్గిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆ పాచికలకు ఎన్నెన్నో ముఖాలుంటాయని వాడు చేతులు తిప్పి చూపించాడు. అవి మాకు దొరకలేదు. వాళ్ళమ్మ ట్రంకుపెట్టెలో గవ్వలు దొరికాయి.

ఆట మాకు కొత్తగా అనిపించలేదు. ఏటా గంగమ్మ జాతరలో బైరాగి వేషం, దొర వేషం కట్టి వీధులు తిరిగే ఊరు మాది. ముఖానికి రంగు పడిన మరుక్షణం అంగట్లో పొట్లాలు కట్టే మనిషి దొరైపోతాడు. వాడు నోటికొచ్చినట్టు తిట్టినా ఎవరూ నొచ్చుకోరు, పైగా దండం పెడతారు. ఇంకొకడిగా మారడం మాకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

కథ చెప్పేవాడిగా నన్ను కూర్చోబెట్టారు. తిరుపతిలో నాకంటే బాగా అబద్ధాలాడే మనిషి దొరకలేదన్నది వాళ్ళ వాదన. నేను కాదనలేదు. కథ చెప్పేవాడి చేతిలో వానలు, వదంతులు, శత్రువులు అన్నీ ఉంటాయి. మిగిలినవాళ్ళకు తలా ఒక రాజ్యం. నా స్నేహితుడిది ఒకటి, మందుల షాపులో పనిచేసే ఇంకో మిత్రుడిది ఒకటి. మూడో రాజు పెళ్ళి చేసుకుని, ఆదివారాలు అత్తగారింటికి పోవడం మొదలుపెట్టాడు. దాంతో ఒక చాప ఖాళీ అయింది.

ఆ చాప మీదికి వచ్చింది నా స్నేహితుడి అక్క. సత్యవేడు దగ్గర ఒక పల్లెలో టీచరు. శనివారం బస్సెక్కి ఇంటికి వచ్చేది, సోమవారం మొదటి బస్సుకు పోయేది. ఆదివారం ఊరికంతా సెలవుగానీ ఆమెకు కాదు. వారానికి సరిపడా పిండి రుబ్బడం, కారం దంచడం, అప్పడాలు ఒత్తడం అన్నీ ఆమె కోసమే కాచుకుని ఉండేవి. మాకు మజ్జిగ ఇచ్చే మిషతో వరండాలోకి వచ్చి, గ్లాసులు ఖాళీ అయినా కదలకుండా గోడకానుకుని కథ వినేది. ఒకరోజు తమ్ముడే అన్నాడు.

"అక్కా, నువ్వు కూసో. ఒక మనిషి తక్కువైనాడు."

లోపల్నుంచి వాళ్ళమ్మ గొంతు వచ్చింది. "అది కూసుంటే పిండి ఎవురు రుబ్బుతారు? వారానికొక్క దినం ఇంట్లో ఉంటాది. దాన్ని గూడా గవ్వలాటకు కూసోబెడతావా?"

"అమ్మా, అక్కకొక కోట ఇస్తాం. ఆ కోట ఉన్నన్నాళ్ళే ఆట. కోట పోయిన పూట లేసి నీ దగ్గరికే వస్తాది."

"ఎన్నాళ్ళుంటాది ఆ కోట?"

"రెండు వారాలు. పడగొట్టేది ఎవుడనుకున్నావు? వీడు!" అని నన్ను చూపించాడు.

అమ్మ ఒప్పుకుంది. అక్క కొంగు నడుముకు దోపుకుని చాప మీద కూర్చుని, "కోట యాడుండాది?" అని మాత్రం అడిగింది. కొండల మధ్య కనమ దగ్గర చిన్న గుండ్రం గీసి చూపించాను. మూడు చింతగింజలు ఇచ్చాను. ఆ రోజు నుంచి లోపల రుబ్బురోలు అమ్మే తిప్పేది. ఆ రాయి చప్పుడు వరండాలోకి వినబడేది. మామూలుగా తిప్పితే అంత చప్పుడు రాదని మాకందరికీ తెలుసు. ప్రతి ఆదివారం ఒకసారైనా గడప దగ్గరికి వచ్చి అడిగేది: "ఏమబ్బా, కోట ఇంకా ఉండాదా?"

ఇప్పుడు నా సైన్యం సంగతి.

మొదటిసారి నేను దించినది పురాణాల పద్ధతి సైన్యం. ఏడు అక్షౌహిణులు. దుమ్ము లేచి సూర్యుణ్ణి కప్పేసింది, భూమి అదిరింది, శంఖాలు మోగాయి. చేతులు ఊపుతూ చాలాసేపు చెప్పాను. మిత్రులిద్దరూ నోళ్ళు తెరిచి విన్నారు. అక్క శ్రద్ధగా విని, "వీళ్ళంతా పొద్దున్నే చెంబు పట్టుకోని యాడికి పోతారబ్బా?" అంది.

మందుల షాపు మిత్రుడు చాప మీద దొర్లి నవ్వాడు.

"రాజుల కథల్లో అట్లాంటివి అడగరక్కా," అన్నాను.

"ఎందుకడగరు? నేను మా బడి పిల్లకాయల్ని ఒక్క దినం కాళహస్తికి తీసకపోతేనే ఆ సంగతి తేలక సస్తాను. నీ సైన్యం కోటదాకా రానవసరం లేదు. మూడో దినానికి యాడిదాడ కలరాకు పోతాది."

ఆ పూట నా ఏడు అక్షౌహిణులనూ వెనక్కి పంపేశాను. కానీ చెబుతున్నాను, నిజమైన సైన్యాన్ని కట్టడం నేను నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నతోనే. తర్వాత నా అంత బాగా కట్టినవాడు లేడు. ఇది సాగదీత కాదు.

సైన్యమంటే కత్తులు కాదు, బస్తాలు. లారీ ఆఫీసులో కూర్చున్నవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. బండి నిండా గింజలు వేసి పంపితే, దారి పొడుగునా ఆ ఎద్దులూ బండివాడూ తినాల్సింది ఆ గింజల్లోనే. మరీ దూరం పంపితే చేరేది ఖాళీ బండి. కాబట్టి ఏ సైన్యమైనా తన గింజల కుప్ప నుంచి కొంతదూరమే పోగలదు. నేను దేశానికి నడుమ ఒక పట్నం పెట్టి, దాని చుట్టూ పల్లెలు పెట్టి, ఆ పల్లెల్లో కోతలయ్యాకే దండు కదలాలని నియమం పెట్టుకున్నాను. కోతలు కాకముందు యుద్ధం అనే రాజు మూర్ఖుడు. తొలకరి పడ్డాక యుద్ధం అనేవాడు ఇంకా మూర్ఖుడు, ఎందుకంటే సిపాయికి ఇంటి దగ్గర దున్నాల్సిన మడక ఉంటుంది.

కథ మరీ నేలమీదే ఉంటే చప్పగా ఉంటుందని గుడి స్తంభాల మీద చెక్కిన యాళి మృగాలను కూడా దండులో చేర్చాను. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం. వాటి మీద రౌతులు. ఇక చూడండి రభస.

"తొండముంది గాబట్టి చెరుకు తినాల," అన్నాడు మందుల షాపు మిత్రుడు.

"కోరలున్నాయి గదా, యాటలు తినాల," అన్నాడు నా స్నేహితుడు.

"రెండూ తింటే?" అంది అక్క.

రెండూ తింటుందని తేల్చాం. ఒక్కో యాళికి ఒక మేకల మందా, ఒక చెరుకుతోటా వెంట నడవాలి. యాళి ఎంత భయంకరమో దాన్ని సాకడం అంత భయంకరం. అందుకే వంద యాళ్ళనుకున్నవాణ్ణి నాలుగింటితో సరిపెట్టాను. నాలుగే ఉన్నాయంటే వాటిని అందరూ నమ్మారు. వంద అన్నప్పుడు ఒక్కడూ నమ్మలేదు.

ఇక మనుషులు. సగంమంది పట్నం చుట్టుపక్కల పల్లెల రైతులు. సగంమంది తడ అవతల అరవదేశం నుంచి వచ్చిన కూలి సిపాయిలు. రైతులకు రాగి సంగటీ ఊరిబిండీ లేకపోతే పొద్దు పోదు. కూలివాళ్ళకు అన్నమూ కొళంబూ లేకపోతే కత్తి లేవదు. ఒకే వంటశాల పెడితే యుద్ధం అక్కడే మొదలవుతుంది. రెండు పెట్టాను. బండ్లు తోలేవాళ్ళూ, యాళి మావటులూ ఆ మట్టిలో పుట్టినవాళ్ళే అయి ఉండాలన్నాను, దారులూ నీటి గుంటలూ వాళ్ళకే తెలుస్తాయి గనక. ఒక దళంలో మామా అల్లుడూ బావి గట్టు తగాదాతో మాట్లాడుకోకుండా పక్కపక్కనే నడిచేవాళ్ళు. ఒక బండివాడు దారి పొడుగునా ఎద్దును పెళ్ళాం పేరుతో తిట్టేవాడు. ఇవన్నీ ఎందుకంటారా? చింతగింజకు ప్రాణం పోయాలంటే దానికి ఒక కడుపు, ఒక కోపం, ఒక దేవత ఉండాలి.

దేవతనూ పెట్టాను. అక్కడే నా గర్వం శిఖరానికి ఎక్కింది. నడిమి పట్నానికి ఒక అమ్మవారు. ప్రతి రైతు సిపాయి చేతికీ ఆమె పసుపుదారం. కోతలయ్యాక ఆమెకు జాతర. అక్క కోట ఉన్న కొండ మీది దేవుడికి ఆమె చెల్లెలు, జాతరకు అన్నగారింటి నుంచి చీరా పసుపూ కుంకుమా సారెగా వస్తాయి. ఇదంతా ఎక్కణ్ణుంచి ఎత్తుకొచ్చానో తిరుపతివాళ్ళకు వివరించక్కర్లేదు. మా ఊరి గంగమ్మ జాతర ఆచారాన్ని మొత్తంగా ఎత్తి నా పట్నంలో దించాను, ఒక్క ముక్క కూడా వదలకుండా. ఆ మధ్యాహ్నం గడప దగ్గర నిలబడి విన్న అమ్మ కూడా "బాగ చెప్పినావు నాయనా" అంది. రోలు చప్పుడు ఆ పూట కొంచెం తగ్గిందని కూడా చెప్పగలను.

రెండు వారాలన్న కోట ఏడాది దాటినా నిలబడే ఉంది. మిగిలిన ఇద్దరు రాజులూ నాకు లొంగిపోయి కప్పం కడుతూ బతుకుతున్నారు. అక్క లొంగలేదు. ఎన్నిసార్లు చిన్న దండు పంపినా కనమలో బండలు దొర్లించో, బావులు పూడ్చో తిప్పికొట్టింది. కానీ ఏడాదిలో ఆమె ముఖంలో వచ్చిన మార్పు మేము చూస్తూనే ఉన్నాం. శనివారం బస్సు దిగి వస్తూనే తమ్ముణ్ణి "రేపు యా పొద్దుకు కూసుంటారు?" అని అడిగేది. వారమంతా బడి, ఆదివారమంతా రోలు అయిన మనిషికి ఆ రెండు మూడు గంటల చాప ఏమిటో మాకు సగమే అర్థమయ్యేది. కోట పడితే ఆ చాప పోతుంది. ఆ మాట అమ్మ మరిచిపోలేదు, మరిచిపోనివ్వలేదు.

చివరికి ఒక ఎండాకాలం ఆదివారం నా పూర్తి సైన్యాన్ని దించాను. కోతలై, గింజలు బండ్లకెక్కాయి. పదివేల మంది, నాలుగు యాళ్ళు, నడిమి పట్నంలో విడిది. మరునాడు కనమ మీదికి దాడి. అక్కవైపు ఆ మూడు చింతగింజలే. గడప దగ్గరికి వచ్చిన అమ్మతో నేనే అన్నాను: "అమ్మా, ఈ పూటతో అయిపోతాది. వచ్చే వారం నుంచి నీకు మనిషి దొరుకుతుంది."

అమ్మ రోలు దగ్గరికి తిరిగిపోయింది. అక్క నా వైపు ఒకసారి చూసి, గచ్చు మీది పట్నాన్ని చూస్తూ కూర్చుంది.

"అబ్బా, ఒకటడగతాను. నీ సిపాయిలకు గింజలు యాడివి?"

"ఈ యేటి కోతలవి. మొన్ననే అయినాయి."

"అయితే జాతర పొద్దు వచ్చినట్టే గదా?"

"వచ్చినట్టే," అన్నాను.

"నా కొండ దేవుడి నుంచి సారె పంపిస్తా ఉండాను. గంపలో చీర, పసుపు, కుంకుమ. ముందర పంబ వాయించే పంబలవాళ్ళు. నీ కాపలావాళ్ళు దారిలో ఆపతారా?"

ఆపుతారని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మవారి సారె గంపకు అడ్డం పడే సిపాయిని ఊహించబోయాను. నేను కట్టిన సిపాయిల్లో ఒక్కడూ దొరకలేదు. "దోవ ఇస్తారు," అన్నాను.

"సారె చేరింది. ఇంక చాటింపు వెయ్యకుండా ఉంటారా?"

నా స్నేహితుడు ముందే గ్రహించి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. మా ఊళ్ళో జాతర చాటింపు పడిందంటే ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. పరాయివాళ్ళు రాత్రి ఊళ్ళో నిలవకూడదు. ఇది పుస్తకాల్లో చదువుకున్నది కాదు. చాటింపు రోజు సాయంత్రానికి చుట్టాలను బస్సెక్కించి పంపేసిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం మేము.

"సూడబ్బా," అంది అక్క, వేలితో గింజలను రెండు కుప్పలు చేస్తూ. "వీళ్ళు ఊరివాళ్ళు. చేతికి దారం కట్టుకున్నోళ్ళు. వీళ్ళు పొలిమేర దాటరు. వీళ్ళు కూలికొచ్చినోళ్ళు. వీళ్ళు రేత్రికి ఊళ్ళో ఉండకూడదు. బండ్లు తోలేది ఊరివాళ్ళు. గింజలు ఊళ్ళో. యాళి మావటీలు ఊరివాళ్ళు. బయటికి పోయిన నీ కూలి సిపాయిలు ఏం తింటారు?"

నేను పట్టు వదల్లేదు. "యుద్ధం అక్కా. యుద్ధంలో మినహాయింపు ఉంటాది."

మందుల షాపు మిత్రుడు నెమ్మదిగా అడిగాడు. "నువ్వు దాటతావా అప్పా? చాటింపు పడినాక రేణిగుంట ఆఫీసుకు పోతావా?"

"నేను సిపాయిని కాదు గదా."

"అడిగిందానికి చెప్పు. పోతావా?"

లోపల రోలు ఆగిపోయింది. అమ్మ పిండి చేతులతోనే గడప దగ్గరికి వచ్చింది. "ఏందిరా మినహాయింపు? అమ్మవారితో మినహాయింపా? పోయి నోరు కడుక్కోపో!"

ఆ ఇంట్లో అక్కను లేపి వంటింట్లోకి తీసుకుపోవాలని ఏడాదిగా కాచుకుని ఉన్న మనిషి ఆమె. నా సైన్యం నిలబడితే ఆమెకే లాభం. అయినా ఆ మాటే అంది. ఇంక నేనేం చేయాలి?

కథ చెప్పేవాడికి తన కథ మీద అధికారం ఉంటుంది. సిపాయిలు పొలిమేర దాటారు అంటే దాటినట్టే. కానీ దాటించలేకపోయాను. వాళ్ళకు కడుపులూ కోపాలూ దేవతా ఇచ్చింది నేను. ఇచ్చాక వాళ్ళు నా మాట వినరు. కూలి సిపాయిలు పొలిమేర బయట కంపచెట్ల కింద అన్నం లేక రెండు రోజులు కూర్చుని తడ దోవ పట్టారు. ఊరివాళ్ళు వేషాలు కట్టి జాతర చేసుకున్నారు. యాళ్ళకు కూడా పసుపు పూశారని మందుల షాపు మిత్రుడు కథలో కలిపాడు. జాతర ముగిసేసరికి ఆకాశంలో మబ్బు. నా నియమం ప్రకారమే తొలకరి పడింది, సిపాయిలు కత్తులు చూరుకు దోపి మడకలు పట్టుకున్నారు. కోట మీద ఒక్క రాయి కూడా పడలేదు.

ఇన్నేళ్ళుగా నేను దీన్ని ఇంకోరకంగా చెబుతూ వచ్చాను. పొలిమేర సంగతి నాకు ముందే తెలుసనీ, అక్క అక్కడికి వస్తుందని ఎదురుచూశాననీ, ఆమె చాప పోకూడదని నేనే ఆ దారి తెరిచి పెట్టాననీ. వినేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగేవి. అందులో నిజం లేదు. నాకు ముందేమీ తెలియదు. ఆ ఆదివారం గెలుస్తాననే కూర్చున్నాను. కానీ ఒక్క మాట మాత్రం ఉంచుకుంటాను. ఆఖర్న నేను పంతం పట్టి గవ్వలు వేసి ఉండొచ్చు. వేయలేదు. అక్క చాప మీదే ఉండిపోయింది. ఆ ఒక్కటి నా పుణ్యమే.

ఈ మాటలన్నీ రాసి మొన్న చిత్తూరు పోయినప్పుడు అక్క ఇంట్లో చదివి వినిపించాను. ఆమె హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై చాలాకాలమైంది. మామిడికాయలు ముక్కలు కోస్తూ, తల ఎత్తకుండా, నడుమ ఒకటి రెండుసార్లు నవ్వుతూ మొత్తం వింది. నేను కళ్ళద్దాలు తీసి, మెచ్చుకుంటుందని కాచుకున్నాను.

"బాగానే రాసినావు. నీ పుణ్యం సంగతి మటుకు కొట్టెయ్," అంది.

"ఎందుకక్కా? నేను ఒప్పుకోబట్టే గదా నీ కోట నిలిచింది, నువ్వు చాప మీద ఉండిపోయినావు?"

అక్క కత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"కోట పడింటే నేను లేసిపోయేదాన్ని అనుకుంటా ఉండావా ఇన్నేండ్లూ? యాడికబ్బా లేసేది? ఏడాది కూసున్నాక నన్ను లేపేవాడు ఆ ఇంట్లో ఎవుడున్నాడు?"